మొదటి స్విచ్చు సోంబరుది

బూరుగుగూడలో ఎవరింటికి కొత్తగా కరెంటు వచ్చినా మొదటి స్విచ్చు సోంబరే నొక్కాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన కట్టుబాటు కాదు. ఊరికి స్తంభాలు వేసిన ఏడాది కాంట్రాక్టరు మనుషుల వెనక వైరు చుట్టలు మోస్తూ, చూసి చూసి పని నేర్చుకున్నవాడు సోంబరు. ఊరిపెద్ద ఇంట్లో అతను మొదటి బల్బు బిగించాక స్విచ్చు ముట్టుకోవడానికి అందరూ జంకారు. "బిగించినోడే ఎలిగించాల. ఏటైనా అయితే ఆడికే అవుద్ది" అన్నాడు ఊరిపెద్ద. భయంతో పుట్టిన మాట మెల్లగా మర్యాదగా మారింది. ఆనాటి నుంచి ఏ ఇంట్లో వైరింగు పూర్తయినా సోంబరుకు కబురు వెళుతుంది. అరుగు మీద చాప పడుతుంది. జీలుగు కల్లు వస్తుంది. అతను చెయ్యి కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, స్విచ్చు నొక్కుతాడు. పిల్లలు కేరింతలు కొడతారు.

యాభై రెండేళ్ల సోంబరుకు రెండెకరాల కాఫీ తోట ఉంది. సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల పాదులున్నాయి. అవి ఊళ్లో అందరికీ ఉన్నాయి. స్విచ్చు ఒక్కటే అతని సొంతం.

అలాంటివాడికి స్వర్ణ కంట్లో నలుసైంది.

పరాయిది కాదు, పక్కవీధి పిల్లే. ఎనిమిదో తరగతి చదివేటప్పుడు సోంబరు వెంట తిరిగి టెస్టరు పట్టుకోవడం నేర్చింది. ఎర్ర వైరెందుకు, నల్ల వైరెందుకు అని అడిగి అతని ప్రాణం తీసేది. తరవాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, రెండేళ్లు విశాఖ హోటళ్లలో పనిచేసి ఊరికి తిరిగొచ్చింది. వచ్చిన మూడో నెలలోనే ఫల్గుణ తన లైట్ల పనంతా ఆమెకు అప్పజెప్పాడు. ఫల్గుణ టూరిస్టుల కోసం ఇంటి పక్కన మూడు గదులు కట్టినవాడు. పాత ట్యూబులూ బల్బులూ పీకేసి అన్నీ ఎల్ఈడీలు పెట్టమన్నాడు. గదుల్లో వెలుగు తగ్గించుకోవడానికి డిమ్మర్లు, వరండాకీ మెట్లకీ టైమరు.

"మన గుంటే కదేటి, నా ఎనకాల తిరిగిన పిల్ల, సేసుకోనీ" అని సోంబరు ఊళ్లో అన్నాడు. ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేసి లేచాడు.

లైట్లు వెలిగించే రోజు ఫల్గుణ మర్యాద తప్పకుండా పిలిచాడు. సోంబరు ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్లాడు. చాప పడింది, కల్లు వచ్చింది. చెయ్యి కడుక్కుని లేచి గోడలు చూశాడు. వరండాలో స్విచ్చు కనిపించలేదు.

"స్విచ్చెక్కడుందే?" అన్నాడు.

"దీనికి స్విచ్చు లేదు మావా. ఆరింటికి అదే ఎలుగుద్ది" అంది స్వర్ణ.

ఆమె మాట పూర్తవుతూ ఉండగానే వరండా అంతా వెలిగింది. పిల్లలు కేరింతలు కొట్టారు. సోంబరు చెయ్యి ఇంకా తడిగానే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

గదిలో స్వర్ణ చిన్న మీట తిప్పింది. పొయ్యిలో నిప్పు నివురు కప్పుకున్నట్టు వెలుగు తగ్గింది. మళ్లీ తిప్పితే పెరిగింది. ఊరంతా వరసకట్టి ఒక్కొక్కరే తిప్పి చూశారు. సోంబరు పెళ్లాం సోములమ్మ మూడుసార్లు తిప్పింది. సోంబరు ఒక్కసారీ తిప్పలేదు. బయటకు వచ్చి టైమరు పెట్టె దగ్గర నిలబడ్డాడు. అద్దంలాంటి మూత కింద అంకెల చక్రం నెమ్మదిగా తిరుగుతోంది. ఇలాంటి చక్రాన్నే అతను ఒకప్పుడు కాఫీ నర్సరీలో మోటారు పంపుకి చూశాడు. ఇది కరెంటుతో తిరుగుతుంది. కరెంటు పోతే ఆగుతుంది. వచ్చాక ఆగినచోటి నుంచే మళ్లీ నడుస్తుంది. పోయిన గంటలు దానికి తెలియవు.

చెబుదామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే లోపల స్వర్ణ ఎవరికో చెబుతోంది. "పాత వైరింగు పనికిరాదు. మొత్తం మార్చేసేను."

ఎనిమిదేళ్ల కిందట ఆ పాత వైరింగు చేసింది సోంబరే. తెరిచిన నోరు మూసుకున్నాడు.

మర్నాడు ఇంట్లో పాత ఫ్యాను రెగ్యులేటరు వెతికి తీసి, ఎల్ఈడీ బల్బుకి తగిలించాడు. గుంట చేసింది తను చెయ్యలేడా అని పంతం. మీట తిప్పితే బల్బు తగ్గలేదు. మలేరియా జ్వరమొచ్చినట్టు వణికింది, తుమ్మెదలా రొద పెట్టింది.

"దానికేటయింది? తేలు కుట్టిందేటి?" అంది సోములమ్మ.

"నువ్వు నోర్ముయ్."

"నాను మూత్తాను గానీ, అది మూసుకోదే."

ఎవరో వేరేవాళ్లకన్నట్టు అరకు బజారులో విచారించాడు. వెలుగు తగ్గేందుకు బల్బులే వేరే వస్తాయనీ, ఫ్యాను రెగ్యులేటరు వాటికి పనికిరాదనీ షాపువాడు చెప్పాడు. ఈ సంగతి స్వర్ణకు ఎప్పటినుంచో తెలుసన్నమాట. ఆ రోజంతా సోంబరుకు మిరియాలు కోసినా చేతికి ఘాటు తగల్లేదు. మంటంతా లోపలే ఉంది.

వానలు మొదలయ్యాయి. ఘాట్ లైను మీద చెట్టు విరిగిపడితే గంటలకొద్దీ కరెంటు లేదు. ఫల్గుణ వరండా లైట్లు ఆరుకి బదులు తొమ్మిదికి వెలిగాయి. ఊళ్లోవాళ్లు నవ్వారు. సోంబరూ నవ్వాడు. స్వర్ణ వచ్చి చక్రాన్ని సరిచేసి వెళ్లింది. మరో వాన, మరో నవ్వు. మూడో వారంలో గాలివానకు ఒకటిన్నర రోజు కరెంటు పోయింది.

ఫల్గుణ ఫోను చేశాడు. "అన్నా, ఓపాలి బేగి రా. మా లైట్లు కోడికూతకి లెగిసి, పగలు పదింటికి తొంగుంటన్నాయి. సీకటి పడితే మెట్లు కనబడక టూరిస్టులు తిడతన్నారు."

ఆ పిలుపు సోంబరుకు కల్లు కన్నా తియ్యగా తగిలింది. సంచి భుజాన వేసుకుని గబగబా వెళ్లాడు.

స్వర్ణ అప్పటికే అక్కడుంది. ముఖం వాడిపోయి ఉంది. "కనెక్షన్లన్నీ సరిగ్గానే ఉన్నాయి మావా. విశాఖలో ఇలాగెప్పుడూ అవలేదు" అంది. అక్కడ కరెంటు పోయిన మరుక్షణం జనరేటరు అందుకునేది.

ఫల్గుణ విసిగిపోయి ఉన్నాడు. "ఇయన్నీ పీకీ అన్నా. మామూలు స్విచ్చులు పెట్టియ్యి. మొదటి స్విచ్చు నువ్వే నొక్కుదువు గానీ."

సోంబరు పెట్టె మూత తీశాడు. ఒక్క స్క్రూ వదులుగా ఉంటే బాగుండునని వెతికాడు. లేదు. ప్రతి వైరుకీ అంకె వేసి ఉంది. అంత శుభ్రమైన పని తన చేతుల్లో ఎన్నడూ జరగలేదు. అది చూసేసరికి అసూయ ఇంకో మెట్టెక్కింది. పీకేస్తే చాలు. ఈ చుట్టుపక్కల స్వర్ణను ఇక ఎవరూ పిలవరు. స్విచ్చు తనకు తిరిగొస్తుంది. కటింగ్ ప్లయరు చేతిలోనే ఉంది.

స్వర్ణ బతిమాలలేదు. అతనికి కనిపించేట్టు టార్చి పట్టుకుని నిలబడింది.

"పీకక్కర్లేదు" అన్నాడు సోంబరు, ఫల్గుణ వైపు చూడకుండా. "ఈ సక్రం కరెంటు పోతే ఆగిపోద్ది. లోపల బ్యాటరీ ఉన్న టైమర్లుంటాయి, అలాటిది పెట్టించుకో. ఈ గుంట పన్లో తప్పు లేదు."

ఆఖరి మాట, అరికాల్లో ముల్లు తీసినట్టు, ఆగి ఆగి వచ్చింది.

స్వర్ణ టార్చి దించింది. "నీకెప్పుడు తెలిసింది?"

"మొదట్రోజే."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వు అడగలేదు."

"మూడు వారాలు ఊరంతా నవ్వింది మావా. నువ్వూ నవ్వేవు."

"నవ్వేను" అన్నాడు సోంబరు.

ఫల్గుణ ఇద్దరి మొహాలూ చూసి, టీ పెట్టమని చెప్పే వంకతో లోపలికి వెళ్లిపోయాడు. స్వర్ణ కోపంగా మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి సంచిలోంచి నోటుబుక్కు తీసింది.

"ఈ కొండల్లో ఇంకా ఏటేటి పాడవుతాయో సెప్పు. ఇప్పుడు అడుగుతన్నాను."

సోంబరు వేళ్లు మడిచాడు. పిడుగులు, అందుకు ఎర్తు గుంత ఎక్కడ తవ్వాలో. స్విచ్చుబోర్డుల్లో గూడుకట్టే చీమలు. మార్గశిరంలో మంచు తేమ. సర్వీసు వైరు పట్టుకుని ఊగే కోతులు. ఆమె అన్నీ రాసుకుంది. మధ్యమధ్య ఎందుకు, ఎలా అని అడిగింది, చిన్నప్పుడు ప్రాణం తీసినట్టే.

ఐదోది కూడా ఉంది. సోంబరు చిటికెన వేలు మడవబోయి ఆగాడు. అది వచ్చే ఎండాకాలానికి గానీ బయటపడదు.

"అంతేనా?" అంది స్వర్ణ.

"ఇప్పటికి అంతే" అని సోంబరు టీ గ్లాసు అందుకున్నాడు.