ముడత పడిన మిర్చి ఆకు

జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా నా ఆఖరి ఏళ్లలో, మిర్చికి తామరపురుగు పట్టిన ఏడు, డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్ పరీక్షకు నన్ను ఒంగోలులో ఎగ్జామినరుగా వేశారు. అందులో ‘నేచర్ డ్రాయింగ్’ అని ఒక పేపరుంటుంది. ఎదురుగా పెట్టిన కొమ్మను చూసి ఉన్నదున్నట్టు గీసి, రంగు వేయాలి. కొమ్మ తెచ్చే బాధ్యత ఎగ్జామినరుదే. పొద్దున్నే ఊరి బయట చేలోంచి కాయలున్న మిర్చి కొమ్మలు కోయించి తెచ్చాను.

కనిగిరి వైపు మిషన్ స్కూల్లో టెంపరరీగా పనిచేస్తున్న రూతమ్మ ఆ పరీక్షకు వచ్చింది. సర్టిఫికెట్ తెస్తేనే ఉద్యోగం ఉంటుందని స్కూలువాళ్లు ముందే చెప్పేశారట. పెన్సిల్ పట్టుకునే ముందు ఆమె చాలాసేపు కొమ్మనే చూసింది. ఆకులు దోనెల్లా పైకి ముడుచుకుని, అంచులు కమిలి ఉన్నాయి. ఆ ముడత, ఆ కమిలిన రంగు, మడతలో పడిన నీడ, అన్నీ కాగితం మీదికి వచ్చాయి. మిగతావాళ్లలో చాలామంది గైడులో బట్టీపట్టిన నున్నటి ఆకులే దించారు.

వాల్యుయేషన్ గుంటూరులో. మేం వేసిన మార్కులను చీఫ్ ఎగ్జామినర్ సరిచూస్తారు. రూతమ్మ షీటుకు నేను వేసిన మార్కులను ఆయన ఎర్ర ఇంకుతో కొట్టేసి, ‘ఆకు ఆకారం తప్పు’ అని రాసి, ఫెయిల్ చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. కొమ్మ అలాగే ఉందనీ, పెట్టింది నేనేననీ చెప్పాను.

“రోగమొచ్చిన కొమ్మ పెడతారేంటండీ? మంచిది చూసి పెట్టాలిగానీ!” అన్నారాయన.

“ఈ ఏడు మంచి కొమ్మ ఎక్కడుందో చెప్పండి, ఇప్పుడే వెళ్లి కోసుకొస్తా” అన్నాను.

ఆయన తర్వాతి షీటు తీసుకున్నారు. నేను రాసిచ్చిన అభ్యంతరానికి ఈరోజుకీ జవాబు లేదు. రూతమ్మ ఉద్యోగం పోయింది.

మరుసటి ఏడు కూడా ఒంగోలు డ్యూటీ నాకే పడింది. రూతమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి కొమ్మ వైపు తలెత్తనైనా లేదు. గైడులోని నున్నటి ఆకు దించి, అందరికంటే ముందే లేచింది. ఒక్కసారి చూడొచ్చు కదమ్మా అన్నాను.

“చూస్తే ఫెయిలవుతానండీ” అంది.

ఫస్ట్ క్లాసులో పాసైంది.

ఆ తర్వాత ఎగ్జామినరు పనికి రానని రాసిచ్చేశాను. నా విద్యార్థులకు మాత్రం చేలో కూర్చుని గీసేది ఒకటి, పరీక్షకు గీసేది ఇంకొకటి అని విడివిడిగా నేర్పాను. అలా నేర్పాల్సి వచ్చినందుకు నాకు ఇప్పటికీ కోపమే.