ఓదీల్ కాయని బీరు

స్కూలు బస్సు నడిపి రిటైరైన ఓదీల్‌కి అరవై మూడో ఏట బీరు కాయాలన్న సరదా పుట్టింది. పక్కింటి అచీల్ ఊరి బీరు కార్ఖానాలో నలభై ఏళ్లు పనిచేసిన పెద్దాయన. పోపెరింగె ఊరి చుట్టుపక్కల, బీరుకి చేదునిచ్చే హాప్ పూల తోటల వాళ్లకు ఆయన మాటంటే మాటే. దగ్గరుండి ఓదీల్ చేత బార్లీ నానబెట్టించాడు, హాప్ పువ్వులు వేయించి మరిగించాడు, చల్లారాక తనే ఈస్టు పోశాడు. వెళ్తూ ఒక్కటే చెప్పాడు: మూడు వారాలు పీపా మూత తీయొద్దని.

ఓదీల్ ఆగలేకపోయాడు. రోజూ మూతెత్తి నురగ చూడటం, వంటింటి గరిటె ముంచి చప్పరించడం. పన్నెండో రోజుకి పైన తెల్లటి పొర కట్టింది. గడువు తీరాక రుచి చూస్తే నోరు ముడుచుకుపోయేంత పులుపు.

అచీల్ ఎనభయ్యో పుట్టినరోజుకి తన బీరే పోస్తానని ఓదీల్ అప్పటికే ఊరంతా చాటుకుని ఉన్నాడు. పాడైపోయిందని చెప్పడానికి నోరు రాలేదు. పక్క ఊరికి పోయి రెండు పెట్టెల నల్లబీరు కొన్నాడు. సీసాలు నానబెట్టి కాగితాలు ఊడదీశాడు. మూతల మీది రంగు గరుకు కాగితంతో గీకేశాడు. సింకులో తేలే కాగితాలు చూసి భార్య గోడెలీవ్ వాటిని ఏరి చెత్తబుట్టలో వేసింది. ఆమె తిట్టినా బాగుండేదనిపించింది.

పుట్టినరోజునాడు జున్ను ముక్కలు ఆవముద్దలో అద్దుకుంటూ అందరూ ఆ బీరుని తెగ మెచ్చుకున్నారు. అచీల్ ఒక గుక్క తాగి ఓదీల్ వైపు చూశాడు. తర్వాత మెల్లగా లేచి, ఎందరికో నేర్పానుగానీ పని పట్టుకున్నవాడు వీడొక్కడేనంటూ, కార్ఖానాలో తను బార్లీ కలిపిన చెక్క తెడ్డు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. చప్పట్ల మధ్య ఓదీల్ ఆ తెడ్డు వైపు చూడలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఓదీల్ తెడ్డు పట్టుకుని అచీల్ ఇంటికి వెళ్లాడు.

"నిన్నటిది నా బీరు కాదు, పెద్దాయనా."

"తెలుసు. ముప్ఫై ఏళ్లుగా ఆదివారం ఆదివారం నేను తాగేది అదేగా."

"మరి అందరి ముందు నన్నెందుకు పొగిడావ్?"

"అందరి ముందు నీ పరువు తీయమంటావా? తెడ్డు చేతిలో పెడితే నీ అంతట నువ్వే వస్తావనుకున్నా. రాకపోతే ఇంక నీ గుమ్మం తొక్కేవాణ్ణి కాదబ్బాయ్."

అచీల్ తెడ్డు తీసుకుని మూలన పెట్టాడు. కూర్చోమనలేదు. నువ్వు కాసింది ఏం చేశావని మాత్రం అడిగాడు. పులిసిపోతే తూములో పోశానంటే, తనకి రుచి చూపించకుండా ఎలా పోశావని కసురుకున్నాడు. ఎక్కడ చెడిందో నాలుకకే తెలుస్తుందన్నాడు.

ఓదీల్ మూడు ఆదివారాలు, అచీల్‌తోనూ ఊళ్లో స్నేహితులతోనూ ఆడే పేకాటకు వెళ్లలేదు. నాలుగో ఆదివారం వెళ్లి, ముక్కలు పంచుతుండగా, బల్ల మీంచి చూపు ఎత్తకుండా మొత్తం చెప్పేశాడు. హాప్ తోటల రెమీ గొంతు సవరించుకున్నాడు.

"బస్సు కూడా ఇంకెవడో నడిపితే నువ్వు టోపీ పెట్టుకుని కూర్చున్నావా ఏంటి, ఇన్నేళ్లూ?"

బల్ల చుట్టూ నవ్వులు. ఓదీల్‌కి నవ్వు రాలేదు. లేచి వెళ్లిపోవాలనిపించింది. అచీల్ మాత్రం అతని ముక్కలు అతని ముందుకు నెట్టి, ఆట నీదే, వెయ్యి అన్నాడు. ఓదీల్ ఒక ముక్క వేశాడు.