కాపీ కొట్టినవాడి స్టూలు

అశోక్‌నగర్‌లో మాకు కోచింగ్ చెప్పిన సారు ఈ నెల మొదట్లో కన్నుమూశారు. ఆ కబురు నాకు ఫోన్ చేసి చెప్పింది, ఒకప్పుడు నాతోపాటు చదువుతూ ఆయన దగ్గరే కాపీ కొట్టి దొరికినవాడు. అంత బాధలోనూ నాకు మొదట తట్టింది, వాడికి నాకంటే ముందు ఎలా తెలిసిందని.

సారుది ఒక మేడ మీద చిన్న కోచింగ్. గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియక హాస్టళ్లలో పడి ఉన్న మాకు 2010, 2011లలో ప్రతి ఆదివారం పరీక్ష పెట్టేవారు. సుద్దముక్కను సగానికి విరిచి, ఒక సగం చొక్కా జేబులో వేసుకునేవారు. ఆ జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది.

ఒక ఆదివారం, ఇప్పుడు నాకు ఫోన్ చేసినవాడే, తొడ కింద చీటీతో దొరికాడు. వెళ్లగొట్టాలని అందరికంటే గట్టిగా అన్నది నేనే. సారు వాణ్ణి తిట్టలేదు. వచ్చే వారం ప్రశ్నపత్రం వాడే తయారు చేయాలని, అందుకు రోజూ సాయంత్రం చిక్కడపల్లిలో తన ఇంటికి రావాలని శిక్ష వేశారు. వారం గడిచినా, నెలలు గడిచినా ఆ శిక్ష పూర్తి కాలేదు.

ఇది శిక్షేనా, మీరే చెప్పండి. వాడు సారు పడక్కుర్చీ పక్కన స్టూలేసుకుని, అమ్మగారు చేసిన సర్వపిండి తింటూ ప్రశ్నలు రాసేవాడట. నేను నారాయణగూడలో ఒక చాయ్‌తో సాయంత్రం గడిపి, వాడి ప్రశ్నల కోసం చదివేవాణ్ణి. ఫస్టు మార్కు నాదే. సారు నా పేపరు చూసి తలూపి పక్కన పెట్టేవారు. నా కడుపు మండిపోయేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "నేను గూడ చీటీ పెట్టుకొనొస్త సార్. అప్పుడన్న ఇంటికి పిలుస్తరా?"

"వాన్ని ఎల్లగొడితె ఇంకో కోచింగ్‌ల కాపీ కొడ్తడు. ప్రశ్న రాయాల్నంటె చదవక తప్పది" అన్నారు సారు. "నీకు నాతోని ఏం పని? నువ్వు ఎట్లనన్న చదువుతవు."

అది మెచ్చుకోవడమే అన్నారు హాస్టల్లో వాళ్లు. నాకు మాత్రం గుమ్మంలోనే ఆపేసినట్టు అనిపించింది. ఈరోజు నేను తింటున్న అన్నం ఆయన చెప్పిన చదువు పెట్టిందే. వాడు మళ్లీ చీటీ ముట్టలేదన్నదీ నిజమే. అయినా కాపీ కొట్టినవాణ్ణి పంపించేయాలనే ఇప్పటికీ అంటాను.

సారు పోయిన పదో రోజున ఆ ఇంటి గడప మొదటిసారి దాటాను. పడక్కుర్చీ పక్కన స్టూలు మీద వాడే ఉన్నాడు, ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయి. ఆ ఏడుపు చూసినా నాకు కుళ్లే. నన్ను చూసి లేచి, స్టూలు నా వైపు జరిపాడు.

"కూసో అన్న. ఈడ రోజు నీ ముచ్చటనే. నేను ఏ ప్రశ్న రాసినా, ఇది వానికి అల్కగ అయితది, ఇంకోటి గట్టిది రాయమనేటోరు సారు."

కూర్చున్నాను. పడక్కుర్చీ చేతి మీద, సారు వేళ్లు ఆనిన చోట, సుద్ద ఇంకా తెల్లగా అంటుకుని ఉంది.