అన్నయ్య వెన్నుకు తీసిన ఫోటోలు

మొన్న నడుము నొప్పికి రాజాంలో స్కానింగు తీయించుకోవలసి వచ్చి, చెవుల్లో దూది పెట్టుకుని ఆ గొట్టంలాంటి మిషనులో పడుకున్నాను. టకటకమని దాని మోత మొదలయ్యేసరికి నా నొప్పి సంగతి మరిచిపోయాను. మా అన్నయ్య గుర్తుకొచ్చాడు.

నా వయసువాళ్లకు తెలుసు, అప్పట్లో ఎంఆర్ఐ అంటే విశాఖపట్నం పోవలసిందే. నేను చీపురుపల్లిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది, అన్నయ్య గడ్డివామి వేస్తూ పైనుంచి జారి వెల్లకిలా పడ్డాడు. నడుము కింద స్పర్శ పోయింది. ఆసుపత్రిలో కొన్ని నెలలు ఉంచి, ఇక చేయగలిగిందేమీ లేదని ఇంటికి పంపేశారు.

ఆ తరువాత ఒక కుర్ర డాక్టరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. దెబ్బతిన్న వెన్నుపాము కాలం గడిచేకొద్దీ లోపల ఎలా మారుతుందో ఎంఆర్ఐతో చూసే పరిశోధన చేస్తున్నాననీ, అప్పుడప్పుడూ స్కానింగుకు రావాలనీ, ఇది వైద్యం మాత్రం కాదనీ విడమరచి చెప్పాడు. అబద్ధమాడలేదు. కానీ కాళ్లు పడిపోయినవాడికి అంత పెద్ద మిషనూ, ఇంటి ముందుకొచ్చే కారూ, పేరు పెట్టి పలకరించే డాక్టరూ కలిసి వేరే మాట చెప్పాయి. కారు వచ్చే రోజు అన్నయ్య గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వీధి వైపే చూస్తుండేవాడు. తిరిగొచ్చాక వదినను పిలిచి, "ఒసే, ఇలా సూడు, బొటనేలు కదిలినట్టున్నాది" అనేవాడు. కదలని ఆ వేలికేసి చూసి వదిన, "కదిలింది మావా" అనేది.

చివరిసారి నేనూ వెంట వెళ్లాను. తెర మీద బొమ్మలు చూస్తూ, చాలా బాగా వచ్చాయని డాక్టరు పక్కవాళ్లతో సంబరపడుతుంటే వదిన చటుక్కున లేచింది.

"బాగొచ్చాయంతన్నారు కదా బాబూ, అయితే మా మావ నడుస్తాడేటి?"

డాక్టరు తెర వైపు చెయ్యి చూపించాడు. "కాదమ్మా, ఫోటోలు బాగా వచ్చాయి."

పరిశోధన ముగిసింది, కారు రావడం మానేసింది. పడుకుని పడుకుని అన్నయ్య వీపు కింద పుండ్లు పడ్డాయి. కట్టు కట్టే మనిషి కోసం ఊళ్లన్నీ తిరిగినా ఎవరూ దొరకక, వదినే వేడినీళ్లతో కడిగేది. ఆ వెన్ను లోపలిదంతా అంత వివరంగా చూసినవాళ్లలో ఒక్కరూ దాని మీది పుండు చూడడానికి రాలేదు. అవే విషమించి, వానాకాలం వెళ్లకుండానే అన్నయ్య పోయాడు.

ఆ డాక్టరును నేను తిట్టుకోను. అన్నయ్య ఫోటోల వల్ల ఎక్కడో ఎవరికో మేలు జరిగే ఉంటుంది, జరగాలనే నా కోరిక కూడా. ఇప్పుడు పడ్డవాణ్ని కదలకుండా బల్ల మీద పడుకోబెట్టి తీసుకుపోతున్నారు, సాయంత్రానికల్లా స్కానింగు చేతికొస్తోంది. ఇదంతా మంచికే. కానీ ఇక నడవలేడని ఆసుపత్రి ఇంటికి పంపేసిన మనిషిని ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పడానికి, మా పల్లెల్లో అప్పుడూ ఇప్పుడూ ఉన్నది అతని పెళ్లాం ఒక్కతే.