షెరీఫ్‌గారి గాడిద

ఎడిన్‌బర్గ్‌లో వెతికితే నలభై తెలుగు ఇళ్లుంటాయి. ఆ నలభై ఇళ్లలోనూ ఆంజనేయప్రసాద్‌ను 'షెరీఫ్ అంకుల్' అంటారు. ఆ బిరుదు ఎవరూ ఇవ్వలేదు, ఆయనే తెచ్చుకున్నాడు. తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌కు కొత్తవాళ్లు వస్తే చాలు, వాళ్ల ప్లేట్లో బగారా అన్నం పడకముందే పక్కన చేరి, "ఎద్దు షెరీఫ్ యాదికున్నాడా?" అని మొదలుపెట్టేవాడు.

పాతికేళ్ల కిందట ఆదివారం పొద్దున టీవీలో వచ్చిన పాత కార్టూన్ అది. ఎడారి మధ్యలో ఒక చెక్క ఇళ్ల ఊరు. పెద్ద టోపీ, ఛాతీమీద నక్షత్రం బిళ్ల పెట్టుకున్న ఎద్దు ఆ ఊరికి షెరీఫు, అంటే పోలీసు పెద్ద. గొప్పలు చెప్పడం, తుపాకీ తీసి తన కాలినే కాల్చుకోవడం దాని ఉద్యోగం. దొంగల్ని పట్టేది మాత్రం వెంట తిరిగే గాడిద. తెలుగు డబ్బింగ్ హైదరాబాద్‌లో జరిగింది. ఆ ఎద్దు గొంతు తనదేనని ఆంజనేయప్రసాద్ చెప్పుకునేవాడు.

నిజానికి ఆయన గాడిద.

ఆ గాడిదకు నత్తి. అది ఇంగ్లీషు గాడిదకు లేదు, ఆంజనేయప్రసాద్ పుణ్యమా అని వచ్చింది. తెరమీద దాని నోరు ఇంకా ఆడుతూ ఉంటే తెలుగు డైలాగ్ ముందే అయిపోయేది. ఆ ఖాళీ నింపడానికి మొదటిరోజు ఆయన "వ... వ... వస్తున్న దొరా!" అని సాగదీసి, చివర ఓండ్ర కూడా పెట్టాడు. డైరెక్టర్ పడీపడీ నవ్వి అలాగే ఉంచేయమన్నాడు. మూడేళ్లపాటు అదే మాట, అదే ఓండ్ర. ఎద్దుకు గొంతిచ్చిన రాజారావు కాలం చేశాక ఆ పదవి ఖాళీగా కనిపించింది, ఈయన ఎక్కి కూర్చున్నాడు. భార్య సుభద్రకు నిజం తెలుసు. కానీ ఆమె ఆసుపత్రిలో డాక్టరు. ఆమె డ్యూటీ చార్టులో మొగుడి అబద్ధాలు సరిచేసే పని లేదు.

ఇలా పదేళ్లు దర్జాగా గడిచాక, షెరీఫ్ కోర్టు నుంచి ఆయనకు కవరొచ్చింది. పై రెండు లైన్లు చదివి, కింద ఏముందో చూసే ఓపిక లేక, వెంటనే తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాడు: 'ఈ ఊరి షెరీఫ్ నన్ను స్వయంగా పిలిపించాడు.' అభినందనలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. సాయంత్రం సుభద్ర కవరు మొత్తం చదివింది.

"షెరీఫ్ అంటే ఈడ జడ్జి అండి, మీ ఎద్దు కాదు. కేసు విని తీర్పు చెప్పే జ్యూరీకి రమ్మన్నరు," అంది.

"నాకు తెల్వదా?" అన్నాడు, అప్పుడే తెలిసినవాడు.

చెప్పిన రోజున సూటు వేసుకుని బస్సెక్కి వెళ్లాడు. కోర్టు హాల్లో జ్యూరీ కోసం పిలిచిన జనం వరుసగా కూర్చున్నారు. వెనక బెంచీలో ప్రియా కనబడింది. తెలుగువాళ్ల అమ్మాయే, ఏదో ఫార్మసీలో పని. పాట్‌లక్‌లో వంటింట్లోనే ఉండి గిన్నెలు సర్దేది. ఏం అడిగినా నవ్వి తలూపడమే తప్ప ఎవరితోనూ మాట్లాడేది కాదు. అలాంటి పిల్ల ముందు తన హోదా చూపించుకునే అవకాశం దొరికిందని ఆంజనేయప్రసాద్ ఛాతీ విరిచాడు.

నక్షత్రం లేదు, టోపీ లేదు. తెల్ల విగ్గు పెట్టుకున్న సన్నటి ఆడమనిషి వచ్చి షెరీఫ్ కుర్చీలో కూర్చుంది. క్లర్క్ గాజు గిన్నెలోంచి చీటీలు తీసి పేర్లు చదవసాగాడు. ఆయన పేరు దగ్గర పాపం మూడుసార్లు తడబడ్డాడు. ఆంజనేయప్రసాద్ ఎద్దులా గంభీరంగా పలుకుదామని గాలి పీల్చుకుని లేచాడు. ఎదురుగా షెరీఫు. కంగారులో గొంతు తనకు అలవాటైన పని చేసేసింది.

"వ... వ... వస్తున్న దొరా!" ఆ వెంటనే ఓండ్ర.

షెరీఫ్ కళ్లజోడు పైనుంచి చూసి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. వెనక బెంచీలో ప్రియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. ఆ ఓండ్ర విని బెదిరాడో ఏమో, ముద్దాయి పావుగంటలో తప్పు ఒప్పేసుకున్నాడు. జ్యూరీని ఇళ్లకు పంపేశారు.

ఆంజనేయప్రసాద్ ప్రియా కంటపడకుండా పక్క గుమ్మంలోంచి జారుకున్నాడు. బస్సులో కూర్చున్నాడే గానీ ప్రాణం నిలవలేదు. పదేళ్ల పరువు ఆ పిల్ల చేతిలో ఉంది. రేపు పాట్‌లక్‌లో నలుగురూ నవ్వుతుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఆమె చెప్పేలోపు తనే చెప్పేస్తే కనీసం నిజాయితీపరుడన్న పేరైనా మిగులుతుందని లెక్కవేసి, ఇల్లు చేరకముందే టైప్ చేశాడు: 'మిత్రులకు మనవి. ఎద్దు నేను కాదు. నేను గాడిదను.'

పదేళ్లలో ఆయన చెప్పిన ఏ మాటనూ గ్రూప్ ఇంత తొందరగా నమ్మలేదు. "మాకెప్పుడో డౌటుండె అంకుల్," అని చక్రి రాశాడు. రమణ గాడిద బొమ్మలు వరుసగా ఏడు పంపాడు. ఆ నవ్వుల మధ్య ప్రియా నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ గ్రూప్‌లో ఆ పిల్ల గొంతు అంతవరకు ఎవరూ వినలేదు.

"అం... అంకుల్, నేను కోర్టుల మిమ్మల్ని ఎక్కిరించి నవ్వలే. చిన్నప్పుడు నే... నేను నోరు తెరిస్తే క్లాసంత నవ్వేది. నాలుగో తరగతి దాంక టీచర్ పేరు పిలిచినా పలకకపోయేదాన్ని. టీవీల ఆ గా... గాడిద నా తీరుగనే మాట్లాడేది. అయినా దొంగల్ని పట్టేది గదే. దాన్ని చూసినంకనే క్లాసుల లేచి 'ప్రెజెంట్' అన్న. ఇయ్యాల ఆ గొంతు మళ్ల ఇని సంతోషం ఆగలే. గందుకే నవ్విన."

రమణ పంపిన గాడిద బొమ్మలు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

ఆంజనేయప్రసాద్ దిగాల్సిన స్టాప్ దాటిపోయింది. ఆ మెసేజ్ మూడుసార్లు విన్నాడు. ఆ గాడిదను పదేళ్లుగా దాచిపెట్టినందుకు మొదటిసారి ఆయనకు సిగ్గేసింది.