మా ఎకనామిక్స్ సారు, నాలుగు గంటల బస్సు

మా ఎకనామిక్స్ సారు పోయారని మొన్న మంగళవారం రెండో పీరియడు మధ్యలో తెలిసింది. నేను సివిక్స్ చెబుతున్నాను. అటెండరు తలుపు దగ్గర నిలబడి, "మేడం, మీ సారు పొద్దుగాల పోయిన్రట" అన్నాడు. పాఠం చివరిదాకా చెప్పి, స్టాఫ్‌రూముకు వచ్చి ఏడ్చాను. ఆ ఏడుపులో కొంత కోపం కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి ఆయన్ని పొగిడితే ఆయనకే నచ్చదు.

ఎనభైల్లో సిద్దిపేటలో ఇంటర్ చదివిన మాకు ఆయన తెల్ల అంగీ, దాని నిండా చాక్‌పీసు పొడి బాగా గుర్తు. చాయ్ సాసర్‌లో పోసుకుని, చల్లారేదాకా చూస్తూ కూర్చుని, చివరికి తాగడం మరిచిపోయేవారు. అప్పుడే ఎం.ఫిల్. చేస్తున్నారు. పిల్లలు ఏ గ్రూపు తీసుకోవాలో ఎట్లా తేల్చుకుంటారన్నది ఆయన పరిశోధన విషయం. మొదట అచ్చువేసిన కాగితాలు పంచి, గ్రూపు ఎందుకు తీసుకున్నామో టిక్కు పెట్టమన్నారు. అందరం "ఆసక్తి" దగ్గరే పెట్టాం. కాగితాలు తిరగేసి నవ్వారు.

"అందరికీ ఆసక్తేనా? గింత ఆసక్తుంటే నా క్లాసుల నిద్రెవరు పోతున్నరు?"

ఆ కాగితాలు పక్కన పడేసి టేప్‌రికార్డరు తెచ్చారు. ఒక్కొక్కరినీ లైబ్రరీ వెనక గదిలో కూర్చోబెట్టి అడిగేవారు. "ఎందుకు తీసుకున్నవని అడగొద్దు బిడ్డా. అడిగితె మంచి జవాబు చెప్తరు. ఆ దినం పొద్దుగాల లేచినకాడికెల్లి ఏమైందో చెప్పుమనాలె" అని తర్వాత నాకు నేర్పారు. అట్లా అడిగితేనే అసలు సంగతులు బయటపడ్డాయి. బెజ్జంకి నుంచి వచ్చిన ఒకడు దోస్తు ఫారం చూసి తన ఫారం నింపాడట, తండ్రి పేరుతో సహా. తండ్రి పేరు దిద్దుకున్నాడు గానీ గ్రూపు అట్లాగే ఉంచేశాడు. సారు ఆ క్యాసెట్ విని పొట్ట పట్టుకుని నవ్వారు, కాసేపటికి నవ్వు ఆపి దాన్ని మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నారు.

నా వంతు వచ్చినప్పుడు నేనూ నిజమే చెప్పాను. మాది నారాయణరావుపేట. నేను పదో తరగతిలో ఉండగా మా బర్రె ఈనలేక రెండు రోజులు అరిచి చచ్చిపోయింది. డాక్టరు దొరకలేదు. పశువుల డాక్టరు కావాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. దానికి బైపీసీ చదవాలి. బైపీసీ వాళ్లకు ప్రాక్టికల్స్ అయ్యేసరికి అయిదు దాటుతుంది. మా ఊరి బస్సు నాలుగింటికి, ఆ తర్వాతది ఏడింటికి. "ఏడింటి బస్సుల ఆడపిల్ల వచ్చుడేంది?" అన్నాడు బాపు. అంతే, మూడున్నరకే వదిలే సీఈసీలో చేరాను.

సారు కళ్లు మెరిశాయి. "బస్సా! గిది ఎవ్వలు చెప్పలే బిడ్డా. మంచి సంగతి చెప్పినవ్" అంటూ గబగబా రాసుకున్నారు.

గ్రూపు మార్చుకోవడానికి ఆ శనివారమే ఆఖరు. సంతకం పెట్టాల్సింది ఆయనే. మీ బాపుతో నేను మాట్లాడతానని అంటారేమోనని మూడు రోజులు ఎదురుచూశాను. పరిశోధన కోసం అడిగేవాళ్లు సలహా ఇవ్వకూడదన్నది ఆయన నియమం. నోరు తెరిచి అడగడానికి నాకు ధైర్యం లేదు. శనివారం దాటిపోయింది.

మరుసటి ఎండాకాలం, నా చేతిరాత బాగుంటుందని క్యాసెట్లలో మాటలన్నీ కాగితం మీద పెట్టే పని నాకు ఇచ్చారు. ఒకనాడు నా గొంతే వినబడింది. టేపు ఆపి అడిగేశాను.

"సార్, గా వారంల మీరు బాపుతోని ఒక్క మాటంటే అయిపోతుండె గద?"

ఆయన ముఖం పాలిపోయింది. "నేను నీ మాట ఇంటున్న అనుకున్న బిడ్డా. రాసుకున్న, గంతే" అన్నారు.

మర్నాటి నుంచి దరఖాస్తు పట్టుకుని బస్సు డిపో చుట్టూ తిరిగారు. ఊరికి వచ్చి మా బాపుతో, ఇంకా పదిమంది తండ్రులతో వేలిముద్రలు వేయించుకున్నారు. ఏడాది తిరిగేసరికి నాలుగింటి బస్సు అయిదున్నరకు మారింది. మా ఊరి నుంచి ఇద్దరమ్మాయిలు బైపీసీలో చేరారు. నాకు సంతోషమే, కడుపులో మంట కూడా. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా ఆరలేదు. అయినా ఎదుటి మనిషి మాట వినడం నాకు నేర్పింది ఆయనే. ఈ రోజుకూ అడ్మిషన్లప్పుడు ప్రతి పిల్లనూ "ఆ దినం ఏమైంది?" అని అడుగుతాను, విని ఊరుకోను.

పోయిన నెల దవాఖానలో చూడటానికి వెళ్లాను. బాగా చిక్కిపోయారు. పక్కన కుర్చీ చూపించి కూర్చోమన్నారు. కాసేపటికి మెల్లగా అడిగారు.

"సివిక్సు మంచిగనే ఉన్నదా బిడ్డా?"

"మంచిగున్నది సార్. నాకు ఇష్టమే."

ఆయన అప్పట్లో లైబ్రరీ వెనక గదిలో కూర్చున్నట్టే నా ముఖంలోకి చూస్తూ ఆగారు. మొదటి జవాబుకు లేచిపోయే మనిషి కారాయన. నాకది తెలుసు. అయినా పశువుల డాక్టరు సంగతి ఎత్తలేదు. మందుల వేళైందని నర్సు రాగానే అదే అదనుగా లేచి దండం పెట్టాను. వార్డు తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఆయన ఇంకా ఖాళీ కుర్చీ వైపే చూస్తున్నారు.