మావయ్య ఊపిన బండి మెడలు

మా మావయ్యకు మనుషుల ముఖాలు గుర్తుండవు, మోటారుసైకిళ్ళ మెడలు గుర్తుంటాయి. నిలిపి ఉన్న బండి కనబడితే చాలు, దాని ముందు గొంతుక్కూర్చుని, ముందు చక్రాన్ని పట్టుకున్న రెండు కడ్డీలనూ ముందుకీ వెనక్కీ ఊపుతాడు. టక్‌మందా, ఆ బండిగలాయన పని అయిపోయినట్టే. "హ్యాండిల్ మెడలో బేరింగులు పోయాయండీ!" అంటూ పరామర్శ మొదలుపెడతాడు.

ఒకసారి ఆసుపత్రిలో ఉన్న బంధువును చూడటానికి వెళ్ళి, బయట వరసగా నిలిపిన బళ్ళను చూసుకుని వచ్చేశాడు. "ఎలా ఉన్నాడండీ?" అని అత్తయ్య అడిగింది.

"డాక్టరుగారిది ఫరవాలేదు. నర్సమ్మదే ఈ వారం గడవడం కష్టం."

అత్తయ్య నెత్తి కొట్టుకుంది.

ఇంతా చేసి ఆయన బండి మెడే పట్టేసింది. తిన్నగా బాగానే పోతుంది, మలుపు దగ్గర మాత్రం హ్యాండిల్ మధ్యలో ఇరుక్కుంటుంది. అత్తయ్య దిగుతుంది, మావయ్య దిగుతాడు, ఇద్దరూ కలిసి బండిని అటు తిప్పి మళ్ళీ ఎక్కుతారు. "లోకానికంతా వైద్యం చేస్తావు, ఇంట్లో రోగిని చూడవా?" అని మేము ఆటపట్టిస్తే, "సామాను తెప్పిస్తున్నానర్రా," అనేవాడు.

మా చెల్లెలికి కొండ మీది బడిలో ఉద్యోగం వచ్చింది. మొదటి రోజే ఆలస్యమైతే మళ్ళీ రానక్కర్లేదని హెడ్‌మాస్టరు ముందే చెప్పాడు. ఆ భయంకొద్దీ అది రెండు గంటలు ముందే తయారై, నాన్న పాత బండిని వాకిట్లోకి దించింది. దీవించడానికని అత్తయ్యతో వచ్చిన మావయ్య బండి ముందే గొంతుక్కూర్చున్నాడు. టక్.

"దారంతా మలుపులే కదమ్మా? దీని మీద వెళ్ళకు."

"మావయ్యా, ఇవాళొద్దు! నీకు దండం పెడతాను!"

అది దండం పెట్టేలోపే ముందు చక్రం ఊడింది. ఆ వెనకే హ్యాండిల్ ఊడి, బేరింగుల్లోని పాత ఇనప గుళ్ళు వాకిలంతా దొర్లాయి. "నా ఉద్యోగం పోతే నీదే పూచీ!" అని చెల్లెలు ఏడుపు లంకించుకుంది. మావయ్య వినిపించుకోలేదు. తన బండి డబ్బాలోంచి కాగితం చుట్టిన కొత్త బేరింగులు తీసి, గ్రీజు పూసి కూర్చోబెట్టాడు. నట్టు బిగించి, మళ్ళీ పిసరంత వదులు చేశాడు.

"బిగించడం ఎవరైనా బిగిస్తారు. ఎక్కడ ఆపాలో తెలియాలి," అని మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా చెప్పుకుపోయాడు. చెల్లెలు సగంలోనే బండెక్కి ఉడాయించింది.

గంట కొడుతుండగా బడిలో అడుగుపెట్టానని ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఎటు చూస్తే అటు తిరిగింది బండి! మావయ్యను తిట్టానని ఏమీ అనుకోవద్దని చెప్పు."

ఆ మాట చెబితే అత్తయ్య నవ్వింది. "ఆ బేరింగులు మా బండికని తెచ్చుకున్నవేరా. తెచ్చినప్పుడల్లా ఇంతే, ఎవరిదో ఒకరిది టక్‌మంటుంది."

మావయ్య మీద నాకు ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. "మరి నీ బండి సంగతేమిటి మావయ్యా?"

"మా ఇంటికి దారి తిన్నగానే ఉంటుందిలేరా," అంటూ బండి కదిలించాడు.

మా వీధి చివర మలుపు దగ్గర అత్తయ్య దిగింది.